రోము నగరంలో ఎనిమిది రోజులు

ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు చేసుకునే మనకు ఏడాదికి దొరికేది నాలుగు వారాల సెలవు. ఆ నాలుగు వారాలూ ఎటు పోతాయో పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, పెద్దవాళ్ళ కంటి ఆపరేషన్లు, పొలం కాగితాలు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. అందుచేత 2023 సెప్టెంబరు బడి సెలవుల్లో మేము రోముకు బయలుదేరుతున్నామని తెలిసి, ఇక్కడ హారిసన్‌లో మిత్రులు కొందరు "ఆ డబ్బుతో, ఆ సెలవుతో ఇంటికి పోయి రావచ్చు గదా" అన్నారు. న్యాయమైన మాటే. మా ఇంట్లోనూ పది రోజులు దాని మీదే తర్జనభర్జన జరిగింది.

చివరకు తీర్పు చెప్పింది మా అత్తగారు. ఆవిడ గుంటూరు జిల్లాలో ముప్ఫయి ఏళ్ళు పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అప్పటికి ఆరు నెలలుగా మా దగ్గరే వున్నారు. "నేను ఇక్కడే వుంటిని. అక్కడికి ఎవరి కోసం పోతారు? చాక్‌పీసుతో బోర్డు మీద బొమ్మ వేసి చూపించిన కొలీజియం ఒక్కసారి కళ్ళతో చూడనివ్వండి" అన్నారు. ఇక మాట్లాడేందుకు ఏమీ లేకపోయింది. మా వీధిలోనే వుండే మిత్ర దంపతులు, వారి అమ్మాయి కూడా కలిశారు. వారిద్దరూ సివిల్ ఇంజనీర్లు. మొత్తం ఎనిమిది మందిమి తేలాము.

మా హారిసన్ సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. కాన్‌బెరాకు ఉత్తరాన గంగాలిన్ ప్రాంతంలోని పేట ఇది. నగర ప్రణాళికా నిపుణుడు పీటర్ హారిసన్ పేరు పెట్టారు. మా ఇళ్ళన్నీ నిన్నమొన్న కట్టినవే. 2019లో వచ్చిన ట్రాముబండే మాకు చరిత్రాత్మక సంఘటన. అసలు కాన్‌బెరా నగరానికే 1913లో శంకుస్థాపన జరిగింది. అటువంటి చోటినుంచి, క్రీస్తుపూర్వం 753లో పుట్టిందని చెప్పుకునే నగరానికి పోతే, పిల్లలకు కాలమంటే ఏమిటో కొత్తగా తెలుస్తుంది. "ఇది పాతదా?" అని అడగడం రెండో రోజుకే మానేశారు. "ఎంత పాతది?" అని అడగడం మొదలుపెట్టారు.

టైబరు నదికి పడమటి గట్టున ట్రస్టెవెరె అనే పాతపేటలో వంటగది వున్న వాటా ఒకటి అద్దెకు తీసుకున్నాము. చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ, కందిపొడి వెంట వున్నాయి. నెయ్యి మాత్రం తీసుకుపోలేదు. ఐరోపా సమాఖ్య దేశాలకు బయటినుంచి పాలపదార్థాలు, మాంసపదార్థాలు ప్రయాణీకులు తీసుకుపోరాదు. కందిపొడి అన్నంలోకి అక్కడి ఆలివ్ నూనె వేసుకు తిన్నాము. నెయ్యి లేదన్న లోటు మొదటి ముద్ద వరకే!

కొలీజియం క్రీస్తుశకం 80లో టైటస్ చక్రవర్తి కాలంలో ప్రారంభమైంది. యాభై వేలమంది కూర్చునేవారని అంచనా. జనం తొక్కిసలాట లేకుండా లోనికి పోవడానికి, బయటికి రావడానికి ఎనభై ద్వారాలు పెట్టి, వాటికి అంకెలు చెక్కారు. ఆ అంకెలు కొన్ని నేటికీ కనబడతాయి. మా ఇంజనీరు మిత్రుడు గోడలు చూస్తూ వుంటే, మా అత్తగారు మెట్లు చూసి, "మన అనుపులో వున్నది దీనికి మనుమరాలు" అన్నారు. నాగార్జునసాగర్ నీటిలో లోయ మునిగిపోకముందు, 1954–60 మధ్య నాగార్జునకొండలో జరిగిన తవ్వకాల్లో మెట్లమెట్లుగా ఆసనాలున్న రంగస్థలం ఒకటి బయటపడింది. దానిని తరలించి అనుపులో తిరిగి కట్టారు. ఇక్ష్వాకుల నాటి ఆ కట్టడం రోమను పోకడలో వుందని చరిత్రకారులు కొందరు అంటారు. మన పిల్లల్లో ఎంతమంది అనుపు చూశారు? మా పిల్లలకైతే కొలీజియం ముందు నిలబడ్డప్పుడే ఆ పేరు మొదటిసారి చెవిన పడింది.

వైద్యులము గనుక మాకు అక్కడ గుర్తు వచ్చినవాడు గేలెన్. పెర్గమంలో గ్లాడియేటర్లకు వైద్యం చేసి, ఆ గాయాలలోంచే శరీర నిర్మాణం నేర్చుకుని, 162 ప్రాంతంలో రోముకు వచ్చి చక్రవర్తులకు వైద్యుడయ్యాడు. ఆయన చెప్పినవాటిలో తప్పులు దిద్దడానికి వైద్యశాస్త్రానికి పదమూడు వందల ఏళ్ళకు పైగా పట్టింది.

పాంథియన్ ఆలయం మాత్రం ఇంజనీరు దంపతులు మాకు వదలకుండా చెప్పి చూపించారు. హేడ్రియన్ కాలంలో, క్రీస్తుశకం 126 ప్రాంతంలో, పూర్తయిన గుమ్మటం అది. వ్యాసం 43 మీటర్ల పైచిలుకు. నేలనుంచి శిఖరం వరకూ ఎత్తు కూడా అంతే. ఇనుప కమ్మీ ఒక్కటీ లేదు. ఇనుము లేని కాంక్రీటు గుమ్మటాల్లో నేటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. పైకి పోయేకొద్దీ తేలికరాయి కలుపుతూ పోయి, నడినెత్తిన కన్ను తెరిచి వదిలేశారు. వాన పడితే నేరుగా లోపలే పడుతుంది. నీరు పోవడానికి నేలలో చిన్న రంధ్రాలున్నాయి. "మన ఇళ్ళ పునాదులకు బిల్డరు ఇచ్చే గ్యారంటీ ఎన్నేళ్ళు?" అని మిత్రుని భార్య అడిగితే అందరమూ నవ్వాము.

అన్నింటికన్నా మాకు నచ్చిన చోటు, యాత్రికులు అంతగా ఆగనిది, టైబరు నది మధ్యనున్న చిన్న లంక. క్రీస్తుపూర్వం 293లో రోములో మహమ్మారి పుట్టింది. రాయబారులు గ్రీసులోని ఎపిడారస్‌కు పోయి వైద్యదేవుడైన ఏస్కులేపియస్ పామును ఓడలో తెచ్చారట. ఓడ దరి చేరగానే పాము దిగి ఈ లంకలోకి పోయిందట. అక్కడే గుడి కట్టారు. లంకను ఓడ ఆకారంలో మలిచిన రాతిగట్టు కొంత మిగిలి వుంది. దాని మీద పాము చుట్టుకున్న కర్ర శిల్పం అరిగిపోయి కనబడుతుంది. మన డాక్టర్ల గుర్తు అదే. 1585లో అక్కడ ఆస్పత్రి వెలసింది. నేటికీ ఆ లంకలో ఆస్పత్రి వుంది. మహమ్మారికి భయపడి రోగిని ఊరిబయట నదిలోని లంకకు చేర్చడంలోని అర్థం, 2020 చూసిన మనకు వివరించనక్కర లేదు. "నాగులచవితికి మనం పుట్టలో పాలు పోయడం లేదూ? భయపడ్డ చోటే మొక్కుతారు మనుషులు" అన్నారు మా అత్తగారు.

ఇక భోజన విషయం. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మా అత్తగారు పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టనివారు. రోము వారి ప్రసిద్ధమైన వంటకం "కాచో ఎ పేపె". జున్నుతురుము, మిరియాలపొడి కలిపిన పాస్తా. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు. చూడబోతే శాకాహారమే. కాని అందులో వేసే పెకొరీనో అనే గొర్రెపాల జున్నును విరిచేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. పర్మిజానో జున్నుకైతే దూడ కడుపునుంచి తీసినది వాడాలన్నది దాని నిబంధనల్లోనే వుంది.

మొదటిరోజు సాయంత్రం హోటలు బయట దీని మీద చిన్న వాదన జరిగింది. "పిన్నిగారికి చెప్పకండి. తెలియక తింటే దోషం లేదు. చెబితే ఎనిమిది రోజులూ ఆవిడకు రొట్టె, టమాటాలే గతి" అన్నాడు మిత్రుడు. ఆవిడ మీద ప్రేమతోనే అన్నాడు. మాకు మనసొప్పలేదు. చెప్పి, ఒప్పించి, సంతకం తీసుకున్న తర్వాతే రోగి మీద కత్తి పెట్టాలని నేర్చుకున్నవాళ్ళము, పళ్ళెంలో వున్నదేమిటో దాచి కన్నతల్లి వంటి మనిషికి తినిపించడం ఎట్లా? ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆవిడ ఒక నిమిషం ఊరుకుని, "తినాలో మానాలో నేను చూసుకుంటాను నాయనా. చెప్పడం మాత్రం మానకండి" అన్నారు. మానేశారు. మాకు మాత్రం అడ్డు చెప్పలేదు.

మరి ఆవిడ పస్తున్నారా? లేదు. వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండుమిరపకాయ వేసిన స్పగెట్టి మన పోపు వాసనకు దగ్గర చుట్టం. మరినారా పిజ్జా మీద జున్నే వుండదు. టమాటా, వెల్లుల్లి, వాము వాసన గుర్తుకు తెచ్చే ఒరెగానో, అంతే. చికోరియా అనే చేదు ఆకుకూరను ఉడికించి, వెల్లుల్లితో, మిరపకాయతో వేయిస్తారు. అది తిన్నాక "వీళ్ళకు తోటకూర వేపుడు ఎవరు నేర్పారు?" అన్నారావిడ. పళ్ళరసంతో చేసిన సొర్బెట్టోలో పాలు వుండవు. కాఫీ సంగతి చెప్పేదేముంది! నిలబడి రెండు గుక్కల్లో తాగే ఆ చిక్కటి డికాక్షను మనవాళ్ళకు పరాయిది కాదు. బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం చాలాచోట్ల ధర పెరుగుతుంది.

కాచో ఎ పేపెలోని మిరియాలకూ ఒక కథ వుంది. రోముకు ఆ మిరియాలు మన దక్షిణదేశపు మలబారు తీరంనుంచే ఓడల్లో వచ్చేవి. నల్లమిరియాలు పౌను నాలుగు దీనారాలని ప్లినీ రాశాడు. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని వాపోయాడు. ఆ నాణేల్లో కొన్ని నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో, నాగార్జునకొండలో బయటపడ్డాయి. నాగార్జునకొండ శాసనాల్లో "దీనారి" అన్న మాటే వుంది. కాబట్టి మనం రోముకు పోవడం కొత్తేమీ కాదు. సరుకు ముందే పోయింది!

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. "సెంజా కార్నె, సెంజా పెషె, సెంజా ఉవోవా" అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని అర్థం. చీటీ మీద రాసి దగ్గర వుంచుకోండి. మాంసం వద్దంటే చాలదు, ఆంచొవీ అనే చిన్నచేప గుమ్మడిపూల వేపుడులో కూడా దాగి వుంటుంది. రాత్రి భోజనం ఏడున్నరకు ముందు దొరకడం కష్టం. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు జేబులో బిస్కట్లు, గ్లూకోజు లేకుండా కదలవద్దు. ఊరంతా 1874నుంచి వస్తున్న "నజోనె" కుళాయిలు వేలల్లో వున్నాయి. మంచినీరే, ఉచితం. ఆస్ట్రేలియా పౌరులకు మెడికేర్ ఒప్పందం కింద ఇటలీలో కొంత వైద్యసహాయం దొరుకుతుంది. ఇండియా పాస్‌పోర్టుతో వచ్చే తల్లిదండ్రులకు అది వర్తించదు. వారికి షెంగెన్ వీసా కావాలి. దానికి కనీసం ముప్ఫయి వేల యూరోల బీమా తప్పదు. చిల్లరదొంగల చేతివాటం ఎక్కువ కనుక సంచులు ముందుకు వేసుకోండి.

తిరిగి వచ్చాక మా వంటింట్లో ఒక మార్పు వచ్చింది. హారిసన్‌లో కొనే జున్ను పొట్లాల మీద చిన్న అక్షరాలు పిల్లలే చదువుతున్నారు. ఇక్కడి జున్నుల్లో చాలావాటిలో జంతువులది కాని రెన్నెట్ వాడతారు. అయినా అన్నింటిలో కాదు. మా వృత్తిలోనూ ఈ ప్రశ్న లేకపోలేదు. మందుల క్యాప్సూళ్ళు చాలావరకు జంతువులనుంచి తీసిన జెలటిన్‌తో చేసినవే. శాకాహారులైన మన పెద్దవాళ్ళకు ఆ మాట చెప్పి, మాత్ర రూపంలో అదే మందు దొరుకుతుందేమో కనుక్కోవడం పెద్ద శ్రమ కాదు. అయితే తమంతట తాము మందు మానవద్దని కూడా చెప్పాలి.

సెలవు సంగతికి వస్తే, మరుసటి ఏడాది నాలుగు వారాలూ మామూలుగా గుంటూరుకే ఇచ్చాము. పిల్లలు ఈసారి అడిగింది ఒక్కటే. అనుపు చూపించమన్నారు. చూపించాము.