దప్పికగొన్న శిశువునకు నీరు మాన్పరాదు

విరేచనములు పట్టుకొన్న పసిబిడ్డకు నీరిచ్చినచో రోగము హెచ్చునని వెరచి, త్రాగుటకేమియు నీయని యిండ్లు మనలో నేటికిని కలవు. ఇంతకంటె ప్రమాదకరమైన భ్రమ లేదని మేము తలంచుచున్నాము. విరేచనములతో దేహమునుండి నీరును, లవణములును పోవుటచేతనే బిడ్డ ప్రాణమునకు ముప్పు వచ్చుచున్నది. పోయినదానిని మరల నింపుటయే ప్రథమ చికిత్స.

ఇందులకు నిదర్శనము వంగదేశమున దొరకినది. 1971వ సంవత్సరమున తూర్పు పాకిస్తానునుండి వచ్చిన శరణార్థులు బన్‌గావ్ శిబిరమున కలరావాత పడుచుండగా, నరములలోని కెక్కించు ద్రవము నిండుకొనెను. అంత డాక్టరు దిలీప్ మహలనాబిస్ గ్లూకోసును, ఉప్పును, వంటసోడాను నీట కలిపించి, బంధువులచేతనే రోగులకు త్రాగించెను. నూటికి 30 వరకునుండిన మరణములు 4కు లోబడెను. చక్కెర తోడైనచో ప్రేవులు ఉప్పును, దానివెంట నీటిని లోనికి గ్రహించును. రహస్యమింతియే.

నేడట్టి మిశ్రమమే ఓఆర్‌ఎస్ పొట్లముగా ప్రభుత్వ వైద్యశాలలందును, ఆశా కార్యకర్తలయొద్దను లభించుచున్నది. పొట్లముపై వ్రాసినంత శుభ్రమైన నీటిలోనే కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగా పట్టవలెను. తల్లిపాలు మాన్పరాదు. వైద్యుడు చెప్పిన జింకును 14 దినములు వాడవలెను. కన్నులు లోతుకు పోయినను, మూత్రము తగ్గినను, మలమున నెత్తురు కనబడినను, బిడ్డ త్రాగలేకున్నను, తక్షణమే వైద్యశాలకు కొనిపోవలెను.

గ్రామములందలి పెద్దలు ఈ మాటను తమ యింటనే కాక, తమ పొలములలో పాటుపడువారి యిండ్లకును చేర్చవలెనని మా విన్నపము. పొట్లము ఊరిలోనే యుండగా బిడ్డ దప్పికతో మరణించినచో, దానిని విధివ్రాతయని చెప్పుకొనుటకు మనకు హక్కు లేదు.