ఒంటె ఎవరిది? – అప్పుతో చేసే క్రిప్టో ట్రేడింగ్



మొన్న అసర్ నమాజు తరువాత ఒక యువకుడు మా వద్దకు వచ్చి కూర్చున్నాడు. చదువుకున్నవాడు, నమాజు విడువనివాడు. "మౌలానా సాబ్, నేను క్రిప్టోలో లీవరేజ్‌తో ట్రేడింగ్ చేస్తున్నాను. ఏ ట్రేడ్‌లోనూ నా సొమ్ములో రెండు శాతానికి మించి పోనివ్వను. స్టాప్‌లాస్ పెట్టనిదే ఆర్డర్ వేయను. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని కదా ప్రవక్త బోధన! మరి ఇది జూదమెలా అవుతుంది?" అని అడిగాడు.

తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదిది. తిర్మిజీలోని ఆ హదీసును అతడు సరిగానే గుర్తుంచుకున్నాడు. నష్టానికి హద్దు పెట్టుకోవడం, ఆవేశాన్ని అణచుకోవడం మెచ్చదగిన గుణాలే. అయితే ఆ హదీసులో ప్రశ్నించిన వ్యక్తి తన ఒంటె గురించి అడిగాడు. ఇక్కడ ఒంటె ఎవరిది?

లెక్క చూద్దాం. చేతిలో 10,000 రూపాయలున్నాయి. ఇరవై రెట్ల లీవరేజ్ తీసుకుంటే పొజిషన్ 2 లక్షలవుతుంది. ధర 5 శాతం ఎదురు తిరిగితే ఆ పదివేలూ పోతాయి. నిజానికి అంతదాకా కూడా ఆగరు, కొంచెం ముందే ఎక్స్ఛేంజీ పొజిషన్‌ను మూసివేస్తుంది. బిట్‌కాయిన్‌కు 5 శాతం ఒక్క రోజు కదలిక మాత్రమే. గడువులేని ఫ్యూచర్లలో ఫండింగ్ ఫీజు మరొకటి. చాలాచోట్ల ఎనిమిది గంటలకొకసారి ఒక పక్షం మరొక పక్షానికి చెల్లిస్తుంది. 0.01 శాతమే అనుకున్నా, అది పదివేలపై కాదు, 2 లక్షలపై. చెల్లించే పక్షాన నెలంతా ఉంటే 1,800 రూపాయలు.

ఇక స్టాప్‌లాస్ సంగతి. ధర నెమ్మదిగా దిగినప్పుడు అది పనిచేస్తుంది. ఒక్కసారిగా కూలినప్పుడు కొనేవాడు దొరికిన ధరకే అమ్ముడుపోతుంది, మనం కోరిన ధరకు కాదు. 2025 అక్టోబరు 10న, చైనాపై అమెరికా కొత్త సుంకాల ప్రకటన వెలువడగానే, ఒక్క దినం వ్యవధిలో 1,900 కోట్ల డాలర్లకు పైబడిన పొజిషన్లు బలవంతంగా మూతపడ్డాయి. కొన్ని ఎక్స్ఛేంజీలు లాభంలో ఉన్నవారి పొజిషన్లను సైతం తమంతట తామే మూసివేశాయి. తాడు కట్టినవాడిది, ముడి విప్పే అధికారం మరొకరిది!

ధర్మశాస్త్ర దృష్టిలో అసలు చిక్కు ఇంకా ముందే ఉంది. ఎక్స్ఛేంజీ అప్పు ఇస్తూ, ఆ సొమ్ముతో తన వద్దనే వ్యాపారం చేయాలని షరతు పెట్టి రుసుము తీసుకుంటుంది. అప్పునూ అమ్మకాన్నీ ఇలా ముడివేయడాన్ని ప్రవక్త (సల్లం) వారించారు. 2006లో మక్కాలో సమావేశమైన రాబితా ఫిఖ్హ్ అకాడమీ మార్జిన్ ట్రేడింగ్ ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. ఫ్యూచర్లలోనైతే నాణెం మన స్వాధీనంలోకి రానే రాదు. తన వద్ద లేనిదానిని అమ్మవద్దని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు చేసిన ఉపదేశం ఇక్కడ వర్తిస్తుంది. (సొంత సొమ్ముతో క్రిప్టో కొని ఉంచుకోవడంపై ఉలమాలలో భేదాభిప్రాయముంది. అది మరో జుమాలో చూద్దాం.) రెండు శాతం నియమం నష్టాన్ని తగ్గించవచ్చునేమో గాని, ఒప్పందాన్ని మార్చదు.

ఇంతా విన్నాక అతడు తల వంచుకుని, మార్జిన్ సొమ్ము కూడా బావగారి వద్ద తెచ్చినదేనని చెప్పాడు. ఋణం మిగిల్చి మరణించిన వ్యక్తి జనాజా నమాజుకు ప్రవక్త (సల్లం) వెనుదీయగా, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తనపై వేసుకున్న ఉదంతాన్ని అతనికి గుర్తుచేశాము.

ఇందులో ఉన్నవారు చేయవలసినది ఇది: పొజిషన్లు మూసివేయాలి. మిగిలిన అసలుతో ముందు అప్పు తీర్చాలి. ఇటువంటి ట్రేడింగ్‌లో లాభం వచ్చి ఉంటే పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలి. పోయినది రాబట్టుకుని మానుకుంటాననే ఆలోచన మాత్రం పెట్టుకోకూడదు. ఎక్కువ మంది మునిగేది అక్కడే.

మగ్రిబ్ అజాన్ లోపలే అతడు మా ఎదుట అన్నీ మూసివేశాడు. బావగారి సొమ్ములో సగం కూడా మిగలలేదు. ఆయనకు నిజం చెప్పి, నెలనెలా తీరుస్తానని మాట ఇచ్చాడు. అల్లాహ్ అతనికి ఆ శక్తినొసగుగాక!