శాస్త్రసభలో పరిషత్తు అధికారము

విద్యాప్రాంగణములలో సభలు జరుపుటకు నేడు పూర్వానుమతి, మందిరము, కాలపరిమితి మున్నగువానిని గూర్చి నియమములు విపులముగా నుండును. సభ ప్రారంభమైన పిదప వక్తకును, ప్రశ్నించువానికిని గల బాధ్యత యేది యను విషయమున అవి తఱచు మౌనము వహించును. గౌతముని న్యాయసూత్రములలో పంచమాధ్యాయ ద్వితీయాహ్నికమున నిరూపితములైన 22 నిగ్రహస్థానములు ఇచ్చట పరిశీలింపదగినవి.

వానిలో రెండింటిని జతగా చదువవలెను. వాది ముమ్మాఱు పలికినను పరిషత్తునకును, ప్రతివాదికిని అర్థము కానిచో దోషము వాదిదే, అది అవిజ్ఞాతార్థము. ముమ్మాఱు పలికినది పరిషత్తునకు తెలిసినను ప్రతివాది దానిని అనువదింపలేనిచో దోషము ప్రతివాదిది; అది అననుభాషణము. రెండింటను కొలమానము పరిషత్తు యొక్క అవగాహనమే. కావున శ్రోతలు కేవలము ఆసనములు నింపువారు కారు. పర్యనుయోజ్యోపేక్షణమున ఇది మఱింత స్పష్టము. ఎదిరి నిగ్రహార్హుడైనను ఆ సంగతి ఎత్తిచూపక విడుచుట ఈ దోషము. ఓడినవాడు తన లోపమును తానే బయటపెట్టుకొనడు గనుక, పరాజయ మెవరిదని అడుగబడిన పరిషత్తే దీనిని ప్రకటింపవలెనని వాత్స్యాయనుని భాష్యము.

పనియున్నదను మిషతో కథను నడుమ విడిచిపోవుట విక్షేపము. పత్రము చదివిన వెంటనే రైలువేళ యైనదని లేచువారికి ఈ పేరు చక్కగా అమరును.

పూర్వపక్షమును యథాతథముగా అనువదించిన పిదపనే ఖండించు సంప్రదాయము వాక్యార్థసభలలో కలదు. సదస్సుల నియమావళిలో ఈ యొక్కటి చేర్చినను, ప్రశ్నకు కేటాయించిన ఐదు నిమిషములు మఱియొక ఉపన్యాసముగా మాఱవు.