వీడ్కోలులోనూ వృత్తిధర్మం

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరకసంహిత చెప్పింది. వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి అనేవే ఆ నాలుగు పాదాలు. ఉపస్థాత అంటే రోగి చెంత ఉండి పరిచర్య చేసే వ్యక్తి. ఉపచారజ్ఞానం, దక్షత, తాను సేవిస్తున్న వ్యక్తిపట్ల అనురాగం, శుచిత్వం అనేవి ఉపస్థాతకు ఉండవలసిన గుణాలని ఆ గ్రంథం పేర్కొన్నది. నేటి నర్సు ఆనాటి ఉపస్థాతకు వారసురాలు. మంచానికున్న నాలుగు కోళ్ళలో ఒకటి చెప్పకుండా తొలగిపోతే దానిమీద ఉన్న రోగి గతి ఏమిటి? నర్సు ఉద్యోగం మానుకోవటంలోని ధర్మసూక్ష్మమంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ఉద్యోగం మానటం దోషం కాదు. హైదరాబాదులోని పంజాగుట్ట, అమీర్‌పేట ప్రాంతాలను చూస్తే ఈ విషయం తెలుస్తుంది. పంజాగుట్టలో నిజాం వైద్యవిజ్ఞాన సంస్థ ఉన్నది. నిజాం ధర్మనిధితో ఎముకల ఆసుపత్రిగా మొదలైన ఈ సంస్థ 1989లో శాసనసభ చట్టంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని పొందింది. జనవాడుకలో ఇది ‘నిమ్స్’. దీని చుట్టుపక్కల ఎన్నో ప్రైవేటు ఆసుపత్రులు వెలిశాయి. ఒక్క మెట్రో స్టేషను దూరంలో ఉన్న అమీర్‌పేట శిక్షణ సంస్థలకు, వసతి గృహాలకు పేరుపొందింది. పల్లెల నుండి వచ్చి ఆసుపత్రిలో చేరిన యువతి కొన్నేళ్ళకు ఉన్నతవిద్యకో, ప్రభుత్వోద్యోగానికో, విదేశాలకో వెళ్ళాలనుకోవటం సహజం. వివాహం, తల్లిదండ్రుల అనారోగ్యం, చాలీచాలని జీతం, వరుస రాత్రి విధుల అలసట కూడా న్యాయమైన కారణాలే. వెళ్ళటంలో తప్పు లేదు. వెళ్ళే తీరులోనే మర్యాద ఉన్నది.

రాజీనామా చేయదలచిన నర్సు మొదట తన నియామకపత్రాన్ని మళ్ళీ చదువుకోవాలి. ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఎంత జీతం చెల్లించాలి, బాండు ఏమైనా ఉన్నదా అనేవి అందులో తెలుస్తాయి. బాండు అనగానే భయపడనవసరం లేదు. దానిని పూర్తిగా తేలికగా తీసుకోనూ కూడదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఒప్పందాన్ని ఉల్లంఘించిన వ్యక్తి నుండి సముచితమైన పరిహారం మాత్రమే రాబట్టవచ్చు. ఒప్పందంలో రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. చేరేటప్పుడే అసలు ధ్రువపత్రాలను చూపించి, నకళ్ళు మాత్రమే ఇచ్చి రావటం ముందుచూపు.

తరువాతి మెట్టు మాట. ఈ సంగతి తోటివారి ద్వారా కాక, స్వయంగా నర్సు నోటినుండే వార్డు ఇన్‌చార్జి సిస్టరు వినాలి. ఆ వెంటనే నర్సింగ్ సూపరింటెండెంటుకు లేఖ ఇవ్వాలి. ఆ లేఖ క్లుప్తంగా ఈ విధంగా ఉండవచ్చు:

“గౌరవనీయులైన నర్సింగ్ సూపరింటెండెంటు గారికి, శస్త్రచికిత్స వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నేను వ్యక్తిగత కారణాలవల్ల రాజీనామా సమర్పిస్తున్నాను. నియామకపత్రంలోని నియమం ప్రకారం నెలరోజుల నోటీసు ఇస్తున్నాను. ఈ లోపు నా విధులను అప్పగించి వెళ్ళగలను. ఇక్కడ పని నేర్పినవారందరికీ కృతజ్ఞతలు.”

ఈ లేఖలో తేదీ, ఉద్యోగి సంఖ్య, చివరి పనిదినం తప్పక ఉండాలి. నిందలు ఉండకూడదు. నిజమైన ఫిర్యాదు ఉంటే దానిని వేరుగా రాసి ఇవ్వాలి. లేఖ అందినట్లు సంతకం చేయించుకొన్న నకలును తనవద్ద భద్రపరచుకోవాలి.

నోటీసు కాలం అసలైన పరీక్ష. దొంగ సెలవులు పెట్టినా, చెప్పకుండా మానేసినా ఆ భారం తోటి నర్సుమీద పడుతుంది. ఆమె రెట్టింపు రోగులను చూడవలసి వస్తుంది. అలసిన కన్ను మందు మోతాదును తప్పుగా చదివే ప్రమాదం ఉన్నది. అందుకే ప్రతి రోగికి ఏ మందు ఏ వేళకు ఇవ్వాలి, ఏ మందు పడదు, ఏ పరీక్ష ఫలితం రావలసి ఉన్నది అనేవాటిని నోటితో చెప్పి, రాతలోనూ ఉంచాలి. తాళంచెవులు, లెక్క పెట్టవలసిన మత్తుమందులు రిజిస్టరుతో సరిచూసి అప్పగించాలి. రోగుల వివరాలను గానీ ఫోటోలను గానీ వెంట తీసుకుపోరాదు.

సెలవు తీసుకొనే ముందు బాకీలేమీ లేవన్న పత్రం, విధులనుండి విడుదల చేసిన ఉత్తరువు, అనుభవ ధ్రువపత్రం పొందాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాలలో చెల్లించాలి. భవిష్యనిధి ఖాతాను కొత్త ఉద్యోగానికి మార్చుకోవచ్చు. విదేశాలకు వెళ్ళదలచినవారికి నర్సింగ్ కౌన్సిల్ ఇచ్చే సత్ప్రవర్తన పత్రం, పాత ఆసుపత్రి అనుభవపత్రం అవసరమవుతాయి. చెప్పకుండా వెళ్ళిన నర్సు ఏళ్ళ తరువాత ఆ గుమ్మం ముందే మళ్ళీ నిలబడవలసి రావచ్చు.

చివరి రోజు విధులు ముగిసే వేళ ఒక వృద్ధురాలు “రేపు పొద్దున కూడా నువ్వే వస్తావా సిస్టరమ్మా?” అని అడగవచ్చు. వస్తానని అబద్ధం చెప్పటం సులువు. మౌనంగా వెళ్ళిపోవటం మరింత సులువు. కానీ మంచి నర్సు తన తరువాత రాబోయే సోదరిని మంచం దగ్గరకు పిలిచి, ఆమె పేరు చెప్పి, “రేపటినుండి ఈమె చూసుకుంటుందమ్మా” అని వృద్ధురాలి చేతిని ఆమె చేతికి అందిస్తుంది. రాజీనామా లేఖ సూపరింటెండెంటు బల్లమీద ఆమోదం పొందుతుంది. ఉద్యోగధర్మం మాత్రం ఆ మంచం దగ్గరే పూర్తవుతుంది.