పోయేది ఆకొక్కటేనా?

మా పొలం గట్టు మీద టేకు చెట్లున్నాయి. మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు మామగారు దగ్గరుండి నాటించిన స్టంపులవి. "దీని పెళ్ళినాటికి చేతికొస్తాయమ్మా" అనేవారు. ఆ లెక్క తప్పింది. అమ్మాయి పెళ్ళయి రెండేళ్ళయింది గానీ చెట్లు మాత్రం అనుకున్నంత లావెక్కలేదు.

ఎందుకంటారా? నీళ్ళూ, నేలా అలా ఉంచండి. ఒక కారణం నేను కళ్ళారా చూశాను. తొలకరికి నిండుగా చిగిర్చిన చెట్లు కొన్నేళ్ళు పదిహేను రోజుల్లోనే మోడులయ్యేవి. కింద నిలబడితే చినుకులు పడ్డట్టు చప్పుడు! తీరా చూస్తే పైనున్న పురుగుల మలం. "ఆకే కదా, మళ్ళీ వస్తుందిలే" అనుకున్నాం. వచ్చింది కూడా. కానీ ఊరికే రాలేదు.

ఆకంటే చెట్టుకి వంటిల్లు కదూ! ఎండ, నీరు, గాలి కలిసి తిండి తయారయ్యేది అక్కడే. మిగిలింది మానులో, వేళ్ళలో దాచుకుంటుంది. ఆకు పోతే, పోపుల డబ్బాలో దాచిన డబ్బుతో మనం నెల గడిపినట్టు, ఆ దాచుకున్నది తీసి కొత్తాకు వేస్తుంది. చెట్టు చావదు. కానీ ఒళ్ళు చేయాల్సిన రోజులు అలా గడిచిపోతాయి.

ఈ నష్టాన్ని కొలిచినవారున్నారు. కేరళలోని నీలంబూరులో 1840ల నుంచీ టేకు తోటలున్నాయి. అక్కడ కేరళ అటవీ పరిశోధన సంస్థవారు ఐదేళ్ళపాటు కొన్ని చెట్లను పురుగు నుంచి కాపాడి, కొన్నింటిని అలాగే వదిలేసి చూశారు. ఆకు తినే పురుగు వల్ల, పెరగవలసిన కలపలో 44 శాతం పెరగలేదని తేలింది. వందకి యాభై ఆరే చేతికొచ్చిందన్నమాట!

అలాగని ఆకు మీద పురుగు కనబడగానే కంగారు పడకండి. టేకుకి ముఖ్యంగా రెండు పురుగులు. ఒకటి లేతాకు అంచు కత్తిరించి, మడిచి, అందులో దాక్కుని తింటుంది. చెట్టు ఎదిగే సమయంలో వస్తుంది కాబట్టి అసలు నష్టం దీనివల్లే. రెండోది ఈనెలు మిగిల్చి ఆకును జల్లెడ చేస్తుంది. చూడ్డానికి భయంగా ఉన్నా, ఇది ఎక్కువగా వచ్చేది ఆకు ముదిరాక. అప్పటికి ఆ ఏటి ఎదుగుదల చాలావరకు అయిపోతుంది గనుక దీనివల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని అదే పరిశీలనలో తేలింది.

మరి మనమేం చేయాలి? చేతికందే మొక్కలైతే చిగురు వేసే రోజుల్లో రెండు మూడు రోజులకోసారి చూడండి. మడత పడ్డ ఆకులు తుంచి, పురుగుతో సహా సబ్బు నీళ్ళలో వేయండి. పురుగు మొవ్వు తినేస్తే పక్కనుంచి రెండు మూడు కొమ్మలు లేస్తాయి. నిటారుగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయండి. లేకపోతే మాను చీలి, దూలానికి పనికిరాదు. పెద్ద చెట్లకి మందు కొట్టడం మనవల్ల కాదు, పైగా పిట్టలకీ తేనెటీగలకీ చేటు. పురుగును ఏరుకు తినే పిట్టలను అదిలించకుండా ఉంటే అదే పదివేలు.

మొన్న తొలకరికి మనవరాలి పేర పది మొక్కలు నాటాం. ఏటా సంక్రాంతికి కుట్టు టేపుతో చుట్టుకొలత తీసి, పాలలెక్క పుస్తకంలోనే రాసుకుంటాను. ఈసారి లెక్క తప్పనివ్వను!