గృహస్థుని పండుగ - సమిధయైనను చాలును



ధనుర్మాసము ప్రవేశించినది మొదలు నన్ను కలియవచ్చు యువదంపతులు తరచుగా ఒకే ప్రశ్న వేయుచుందురు. "శాస్త్రిగారూ! మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళ్తాం. మూడో అంతస్తులో ఇల్లు. ముగ్గు పెట్టడానికి వాకిలి లేదు, భోగిమంటకు చోటు లేదు. మా ఇంట్లో సంక్రాంతి జరిగినట్టా, జరగనట్టా?" ఈ ప్రశ్నలో సోమరితనము లేదు; ఆవేదన కలదు. దానికి సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగ విషయము.

సూర్యుడు ధనూరాశిని విడిచి మకరరాశిలో ప్రవేశించుట మకర సంక్రమణము. ధనూరాశిలో సూర్యుడుండు కాలము ధనుర్మాసము. అది డిసెంబరు 16 ప్రాంతమున మొదలై భోగితో ముగియును. సంక్రాంతి తేదీ ఎన్నడును మారదని కొందరి తలంపు. అది సరికాదు. వివేకానందస్వామి 1863 జనవరి 12వ తేదీన, మకర సంక్రాంతి దినమున జన్మించిరి. 2024లో ఈ పండుగ జనవరి 15న వచ్చినది. దీనికి కారణమేమి? మన సౌరమానము నక్షత్రములను బట్టి వర్షమును గణించును. ఆంగ్లమానము ఋతువులను బట్టి గణించును. మొదటిది రెండవదాని కంటె సుమారు 20 నిమిషములు ఎక్కువ. అందుచేత దాదాపు 70 సంవత్సరములకు ఒక దినము చొప్పున తేదీ ముందుకు జరుగుచుండును. తేదీ జరిగినంత మాత్రమున పండుగ చెడలేదు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు.

ఇక ఈ దినములలో మన పెద్దలు చేసినదేమి? భోగినాడు తెల్లవారుజామున అగ్నిని ప్రజ్వలింపజేసిరి. సాయంకాలము రేగుపండ్లు, చెరకుముక్కలు, నానిన సెనగలు, పూలరేకులు, నాణెములు కలిపి పసిపిల్లల తలపై భోగిపండ్లుగా పోసిరి. రేగునకు సంస్కృతమున బదరి యని పేరు. నరనారాయణులు తపమొనర్చిన బదరికాశ్రమమునకు ఆ పేరు దీనివలననే కలిగినది. సంక్రాంతినాడు పితృదేవతలకు తిలోదకము లిచ్చిరి, గుమ్మడిపండు దానము చేసిరి, క్రొత్తబియ్యముతో పొంగలి వండి నివేదించిరి. కనుమనాడు పశువులను కడిగి, పసుపు కుంకుమలతో పూజించి, కడుపునిండ మేపిరి. వాకిట నిలిచిన హరిదాసుకు బియ్యము పోసిరి. నెల పొడుగునను తిరుప్పావై పారాయణ వినిరి. తిరుమలలో సహితము ఈ మాసమున సుప్రభాతమునకు బదులు తిరుప్పావైయే వినబడును.

అగ్ని, పితరులు, పశువులు, అతిథి, పారాయణము - ఈ ఐదును ఒకచోట చేర్చి చూడుడు. ఇవి గృహస్థునకు నిత్యము విధింపబడిన దేవ, పితృ, భూత, మనుష్య, బ్రహ్మయజ్ఞములే గదా! పండుగ యనగా నిత్యజీవనమునకు వేరైనది కాదు. దినదినము చిన్నదిగా చేయుదానిని ఆ మూడు దినములు పెద్దదిగా చేయుటయే పండుగ.

ఈ ఐదు యజ్ఞములను తైత్తిరీయారణ్యకము ద్వితీయ ప్రపాఠకము విధించుచున్నది. అందలి విశేషము "అపి" యను చిన్న పదమున కలదు. అపి యనగా "అయినను". అగ్నిలో ఒక్క సమిధయైనను వేసినచో దేవయజ్ఞము పూర్తియైనట్లే. పితరులకు జలమైనను విడిచినచో పితృయజ్ఞము తీరినట్లే. ఒక్క ఋక్కునైనను అధ్యయనము చేసినచో బ్రహ్మయజ్ఞము నెరవేరినట్లే. ప్రాణులకు బలి యుంచుట భూతయజ్ఞము. అన్నము పెట్టుట మనుష్యయజ్ఞము. వేదమాత లేనివాని ఇంటిని కూడ చూచి పలికిన మాట యిది.

ఈ అనువాకమును నేను బాల్యముననే పాఠశాలలో వల్లించితిని. స్వరము తప్పక చెప్పితిని గాని, ఆ పదము నా మనస్సున నాటుటకు అరువది ఏండ్లు పట్టినది. కొన్నేండ్ల క్రిందట భోగినాటికి నగరములోని మా దౌహిత్రి ఇంటికి పోతిని. భోగిమంట లేదు, గొబ్బెమ్మ లేదు; అరిసెలు కొట్టునుండి వచ్చినవి. నేను ఊరకుండక, "ఇదేమి పండుగమ్మా?" అంటిని. ఆ పిల్ల ముఖము చిన్నబోయినది. "మాకు చేతనైనంత చేస్తున్నాం తాతగారూ" అని లోపలికి పోయినది. ఆ రాత్రి ఆమె సరిగా భోజనము చేయలేదు.

మరునాడు వంట కాగానే దేవునికి దీపము పెట్టి నివేదన చేసినది. తండ్రి గతించిన ఆమె భర్త ఇత్తడి పళ్ళెములో తిలోదకములు విడిచినాడు. ఆమె పిట్టగోడపై కాకికి ముద్ద పెట్టి, మా విస్తళ్ళు వేయకమునుపే కాపలాదారు కుటుంబమునకు భోజనము పంపినది. నాలుగేండ్ల పిల్లవాడు వచ్చీరాని మాటలతో ఒక శ్లోకము చెప్పినాడు. నేను వ్రేళ్ళు మడచి లెక్కించితిని. ఐదును సరిపోయినవి.

"ఇదంతయు ఎవరు నేర్పినారమ్మా?" అని అడిగితిని.

"అమ్మమ్మ చేసేది కదా తాతగారూ! చిన్నప్పుడు చూసేదాన్ని. తర్పణం తప్ప మిగిలినవన్నీ రోజూ చేస్తాం" అన్నది.

మా గృహిణి ఆనాటికే స్వర్గస్థురాలు. ఆమె వేదము చదువలేదు. నేను చదివినదానిని ఆమె చేసినది. ఈ పిల్ల చూచి నేర్చినది. "నిన్న నేనన్న మాట తప్పమ్మా" అని చెప్పి, కొట్టులో కొన్న ఆ అరిసెను అడిగి తింటిని.

అయితే ఒక హెచ్చరిక. "అపి" యను పదము శక్తి లేనివానికి ఊరట. మనస్సు లేనివానికి సాకు కాదు. కలిగియుండియు తగ్గించుట విత్తశాఠ్యము, అది దోషము. చోటున్నవారు ముగ్గు వేయుడు, తీరికయున్నవారు అరిసెలు వండుడు. లేనివారు చింతింపక ఈ ఐదింటిని దినమునకు పావుగంటయైనను పాటింపుడు. పిల్లల యెదుట పాటింపుడు. వారు మన మాట మరచినను మన చేతను మరువరు. పెద్దలారా! మీరు పిల్లల ఇండ్లకు పోయినప్పుడు, లేనిదానిని లెక్కించుటకు ముందు ఉన్నదానిని లెక్కింపుడు.

స్వస్తి.