దుఃఖానికి తొందర లేదు

1792 మార్చి 16 అర్ధరాత్రి, స్టాక్‌హోమ్‌లోని రాయల్ ఒపేరా భవనంలో అందరూ ముసుగులు వేసుకుని నృత్యం చేస్తున్న వేళ, స్వీడన్ రాజు మూడో గుస్తావ్ వెనక పిస్తోలు పేలింది. కాల్చినవాడు ఆంకార్‌స్ట్రోమ్ అనే మాజీ సైనికాధికారి. రాజు 13 రోజులు కొట్టుమిట్టాడి మార్చి 29న కన్నుమూశాడు. ఈ హత్యను సంగీత ప్రపంచం మరిచిపోలేదు. 1859లో ఇటలీ స్వరకర్త వెర్డీ దాన్నే ఒపేరాగా మలిచాడు. రంగస్థలం మీద రాజును చంపడానికి సెన్సారు ఒప్పుకోకపోతే కథను అమెరికాలోని బోస్టన్‌కు మార్చి మరీ ఆడించాడు. ఇప్పటికీ పెద్ద ఒపేరా హౌస్‌లన్నీ దాన్ని ఆడుతూనే ఉన్నాయి. అంటే 67 ఏళ్ల తర్వాత వేరే దేశంలో అల్లిన సంగీతం నిలబడింది. మరి ఆ రాజు శవపేటిక ముందు నిజంగా మోగిన సంగీతం ఏమైంది? దాన్ని రాసింది ఆ కొలువులోని సంగీత దర్శకుడే. పేరు యోసెఫ్ మార్టిన్ క్రౌస్, అప్పటికి వయసు 35. మరో తొమ్మిది నెలలకే, డిసెంబర్ 15న, క్షయ ఆయన్నీ తీసుకుపోయింది.

క్రౌస్ గురించి ఎక్కడ చదివినా ముందు తగిలే మాట ‘స్వీడిష్ మోజార్ట్’. కారణం కంటికి కనబడేదే. ఇద్దరిదీ 1756 పుట్టుక, ఐదు నెలల తేడా. మోజార్ట్ పోయిన ఏడాదీ పది రోజులకు క్రౌస్ పోయాడు. ఈ కాకతాళీయం మీద కట్టిన బిరుదు ఆయనకు మేలు చేస్తున్నట్టే ఉంటుంది కానీ నిజానికి కీడే ఎక్కువ చేసింది. మోజార్ట్ అన్న పేరు చెవిన పడగానే శ్రోత మోజార్ట్ కోసం వెతుకుతాడు. ఆ పాటలాంటి బాణీ, ఆ చిరునవ్వు, ఆ జారుడు ఉన్నాయా అని చూస్తాడు. దొరకవు. దొరకనప్పుడు ‘పర్వాలేదు, రెండో వరుస వాడు’ అని తీర్పిచ్చి లేస్తాడు. క్రౌస్ రెండో వరుస మోజార్ట్ కాదు. ఆయన నడిచిన దారే వేరు. ఆ దారి నాటకశాల నుంచి, ముఖ్యంగా గ్లుక్ అనే స్వరకర్త ఒపేరాల నుంచి వచ్చింది. అందులో బాణీ కంటే ఉద్వేగానిదే పెద్దపీట. ఆ ఉద్వేగాల్లోనూ శోకాన్ని ఆయన పట్టుకున్నంత నిక్కచ్చిగా ఆ తరంలో పట్టుకున్నవారు చాలా తక్కువ.

ఆయన స్వీడన్ మనిషే కాడు. జర్మనీలో మైన్ నది ఒడ్డునున్న మిల్టెన్‌బెర్గ్‌లో పుట్టాడు. మాన్‌హైమ్‌లో చదువుకున్నాడు. ఆ ఊరి ఆర్కెస్ట్రాకు ఐరోపా అంతటా పేరుండేది. తర్వాత న్యాయశాస్త్రం కోసం మైన్జ్, ఎర్ఫుర్ట్, గోటింగెన్ తిరిగాడు. గోటింగెన్‌లో ఆవేశపరులైన కవుల గుంపుతో తిరుగుతూ, 22 ఏళ్ల వయసులో సంగీతం మీద ఓ ఘాటైన పుస్తకం పేరు వేసుకోకుండా అచ్చు వేయించాడు. తోటి విద్యార్థి ఒకడు ‘మా రాజు కళాపోషకుడు, రా’ అంటే 1778లో స్టాక్‌హోమ్ వెళ్లాడు. అక్కడ మూడేళ్లు ఇబ్బందులే. మొదటి ఒపేరాను తిప్పికొట్టారు. రెండోదాన్ని 1781లో ఉల్రిక్స్‌డాల్ రాజభవనంలో ప్రదర్శిస్తే రాజుకు నచ్చింది. కొలువు దొరికింది. పైగా ఐరోపా అంతా తిరిగి నాటకశాలలెలా నడుస్తున్నాయో చూసి రమ్మని రాజు సొంత ఖర్చు మీద పంపాడు. ఆ యాత్ర 1782 నుంచి 1787 దాకా సాగింది. వియన్నాలో గ్లుక్‌ను కలిశాడు, ఎస్టెర్‌హాజాలో స్వరకర్త హేడన్‌ను కలిశాడు, పారిస్, లండన్, ఇటలీ చూశాడు.

ఆయన దారి ఎటు పోతోందో తెలియాలంటే సీ మైనర్ సింఫనీ ఒక్కటి వింటే చాలు. మొదట దీన్ని సీ షార్ప్ మైనర్‌లో రాశాడు. ఆ కాలపు ఆర్కెస్ట్రాకు అది ముళ్లబాట. కొమ్ము వాద్యాలు వాయించేవారికి అలవాటు లేని శ్రుతి, 18వ శతాబ్దపు సింఫనీల్లో దాదాపు ఎవరూ ముట్టనిది. 1783 ప్రాంతంలో దాన్ని విప్పి మళ్లీ కట్టాడు. శ్రుతిని సీ మైనర్‌కు దించాడు. నాలుగు భాగాల్లోంచి మినుయెట్‌ను తీసేశాడు. ఆ తీసివేత చిన్న విషయం కాదు. మినుయెట్ అంటే కొలువులో ఆడే నృత్యం. బరువైన సింఫనీ మధ్యలో శ్రోత కాస్త ఊపిరి పీల్చుకునే చోటు. ఆ ఊపిరి అక్కర్లేదనుకున్నాడు క్రౌస్. మిగిలిన మూడు భాగాలూ ఒకే ముడిలా బిగుసుకున్నాయి. మొదలే చూడండి. చౌకకాలంలో తీగవాద్యాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వచ్చిన ప్రతి స్వరమూ అంతకు ముందు నిలబడి ఉన్న స్వరంతో ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడి తీరేలోపే ఇంకొకటి వచ్చి కొత్త ఒరిపిడి పెడుతుంది. గ్లుక్ ‘ఇఫిజెనీ’ ఒపేరా ఆరంభ సంగీతం తెలిసినవారికి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే అర్థమవుతుంది. గ్లుక్‌లో అది తెర లేచేముందు మాట. క్రౌస్‌లో లేవడానికి తెర లేదు. పాత్రలూ లేవు, కథా లేదు. నాటకమంతా వాద్యాల్లోనే జరిగిపోవాలి, జరిగిపోతుంది.

దీన్ని గొప్పదని ఎవరన్నారంటే సాధారణంగా హేడన్ పేరు చెబుతారు. 1797లో సిల్వర్‌స్టోల్ప అనే స్వీడిష్ దౌత్యాధికారితో మాట్లాడుతూ క్రౌస్‌ను తాను చూసిన మహాప్రతిభావంతుల్లో లెక్కగట్టాడనీ, ఈ సింఫనీని ఆకాశానికెత్తాడనీ ఆ దౌత్యాధికారి రాసిపెట్టాడు. ఈ సాక్ష్యం మీద అతిగా ఆధారపడటం మంచిది కాదు. విన్నవాడు స్వీడన్ మనిషి, పైగా క్రౌస్ వీరాభిమాని. 1833లో క్రౌస్ జీవితచరిత్ర రాసిందీ ఆయనే. అలాంటివాడి ముందు, చనిపోయిన మిత్రుడి గురించి పెద్దమనిషి మర్యాదగా నాలుగు మంచి మాటలు అని ఉండవచ్చు. కాబట్టి హేడన్ మాటను పక్కన పెట్టినా నిలిచే సాక్ష్యం కావాలి. రాజు అంత్యక్రియలకు రాసిన సింఫనీలో అది ఉంది.

1792 ఏప్రిల్‌లో గుస్తావ్ భౌతికకాయాన్ని రిద్దార్‌హోల్మ్ చర్చిలో ఉంచిన సందర్భానికి క్రౌస్ ఈ శోకసింఫనీ కూర్చాడు. ఇదీ సీ మైనరే. వయోలిన్ కంటే ముందు, ఏ బాణీ కంటే ముందు, టింపనీ మోగుతుంది. ఉత్సవాల్లో ఉరిమే ఆ పెద్ద డ్రమ్మును ఇక్కడ గొంతు నొక్కి, మెత్తగా, ఒంటరిగా వాయిస్తారు. ఆ తర్వాతే మిగతా ఆర్కెస్ట్రా. మొత్తం నాలుగు భాగాలు, సుమారు 20 నిమిషాలు. అసలు సాహసం ఇంకొకటి ఉంది. నాలుగింటిలో ఒక్కటి కూడా వేగంగా నడవదు. సింఫనీ అంటే వేగానికీ నెమ్మదికీ మధ్య తూగు అని స్థిరపడిన రోజులవి. నెమ్మది భాగం ఒకటి ఉంటుంది, దాని చుట్టూ పరుగు ఉంటుంది. క్రౌస్ పరుగును పూర్తిగా తీసేశాడు. హేడన్ అంతకు ఐదారేళ్ల ముందే స్పెయిన్‌లోని కాదిజ్ చర్చి కోసం క్రీస్తు చివరి ఏడు మాటల మీద వరుసగా ఏడు చౌకకాల భాగాలు రాశాడు, అది మహా రచన. అయినా హేడన్ చివర్లో భూకంపం పెట్టాడు. విలయంలా విరుచుకుపడే ద్రుతకాలంతో శ్రోతను బిగింపు నుంచి వదిలేశాడు. క్రౌస్ దగ్గర ఆ భూకంపం కూడా లేదు.

మూడో భాగం చాలా చిన్నది. మృతదేహాన్ని మట్టికి అప్పగించేటప్పుడు స్వీడన్ చర్చిల్లో పాడుకునే కీర్తన బాణీని ఏ అలంకారమూ లేకుండా వాద్యాల మీద వినిపిస్తాడంతే. పల్లెలో రైతు పోయినా ఆ కీర్తనే, రాజు పోయినా ఆ కీర్తనే. చర్చిలో నిలబడ్డ ప్రతి మనిషికీ నోటికి వచ్చిన బాణీ. ఆస్థాన విద్వాంసుడు తన విద్యనంతా మూట కట్టి పక్కన పెట్టిన నిమిషం అది. నాలుగో భాగంలో ఆ కీర్తననే మళ్లీ అందుకుంటాడు. ఈసారి విద్యంతా బయటికి వస్తుంది. బాణీ ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి చేతులు మారుతుంది, హార్న్ ఒంటరిగా పాడుతుంది, ఒకే మాటను గొంతులన్నీ వంతులవారీగా అందుకునే ఫ్యూగ్ అల్లిక వస్తుంది. ఇంత పనితనం చూపిన చోట మరెవరైనా ఘనంగా ముగిస్తారు. క్రౌస్ మొదట వినిపించిన డ్రమ్ము దగ్గరికే తిరిగి వెళతాడు. అదే గొంతు నొక్కిన దరువు. సంగీతంలో ఇంత ప్రయాణం జరిగినా చనిపోయినవాడు తిరిగి రాలేదన్న నిజాన్ని ఇంత నెమ్మదిగా, ఇంత తొణకకుండా చెప్పిన వాద్యరచన ఆ శతాబ్దంలో ఇంకొకటి చూపించడం కష్టం.

ఇంత గొప్పదైతే కాలం ఎందుకు నిలబెట్టలేదు అన్నది మొదటి అభ్యంతరం. కాలం జల్లెడ పడుతుంది, గట్టి గింజ మిగులుతుంది అని మనం నమ్ముతాం. కానీ ఆ జల్లెడ తనంతట తాను ఊగదు. అచ్చువేసేవారు, శిష్యులు, మళ్లీ మళ్లీ ఆడించే నాటకశాలలు దాన్ని ఊపాలి. బాఖ్ రాసిన సెయింట్ మాథ్యూ ప్యాషన్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది 1829లో, 20 ఏళ్ల మెండెల్‌సన్ బెర్లిన్‌లో పట్టుబట్టి వినిపించినప్పుడు. వివాల్డీ రాతప్రతుల పెద్ద నిధి 1920ల దాకా వెలుగులోకే రాలేదు. క్రౌస్ విషయంలో ఈ ఊపే చేతులు ఒక్కొక్కటిగా జారిపోయాయి. ఆయన శక్తినంతా పోసిన ఒపేరాలు స్వీడిష్ భాషలో ఉన్నాయి. వియన్నా, పారిస్ నాటకశాలలకు ఆ భాష అందదు. పారిస్‌లో అచ్చయిన కొన్ని సింఫనీల మీద కాంబీని అనే ఇంకో స్వరకర్త పేరు పడింది. ప్రోత్సహించిన రాజు హత్యకు గురయ్యాడు. రాతప్రతుల్లో చాలావాటిని సిల్వర్‌స్టోల్ప పోగుచేసి కాపాడాడు, అవి ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరాయి. అక్కడ భద్రంగానే ఉన్నాయి, కానీ బీరువాలో ఉన్న సింఫనీ మోగదు.

వీటన్నిటిలో ‘కార్తేజ్‌లో ఏనియస్’ ఒపేరా కథ మరీ బాధాకరం. 1782లో స్టాక్‌హోమ్‌లో కొత్త ఒపేరా భవనం తెరిచే రోజు కోసం, రాజే కథా ప్రణాళిక వేసి, ఉపోద్ఘాతమూ ఐదు అంకాలతో రాయించిన భారీ పని అది. నాయిక పాత్ర వేయాల్సిన గాయని అప్పులవాళ్లకు తప్పించుకుని భర్తతో సహా దేశం విడిచి పారిపోయింది. ప్రారంభోత్సవానికి నౌమన్ అనే మరో స్వరకర్త ఒపేరా వేశారు. క్రౌస్ పదేళ్లు దాన్ని సరిదిద్దుతూనే ఉన్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ అది వేదిక ఎక్కలేదు. రాజు మీద పిస్తోలు పేలింది ఆ భవనంలోనే. చివరికి 1799లో, రాజూ లేడు స్వరకర్తా లేడు అన్నాక, కోతలతో ఆ ఒపేరా తెర లేచింది. ఒక మనిషి ప్రతిభను ఆయన పేరు నిలిచిన తీరుతో కొలిచేవారు ఈ లెక్కలో గాయని అప్పులను కూడా కలపాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. మోజార్ట్‌లాగా పాడుకోదగ్గ బాణీ క్రౌస్‌లో తక్కువ, రచనల సంఖ్యా తక్కువ, ఉన్నవన్నీ ఒకే ఎత్తులోనూ లేవు. ఇందులో చివరి మాట నిజమే. తొలిరోజుల సింఫనీల్లో ఆ కాలపు మర్యాదను దాటనివి ఉన్నాయి, వాటిని కూడా కళాఖండాలని వాదించడం అభిమానం అవుతుంది గానీ వివేచన కాదు. సంఖ్య విషయం వేరు. మనకు దక్కిన సింఫనీలు పన్నెండు దాకా ఉంటాయి, హేడన్‌వి నూరు దాటాయి. క్రౌస్ కంటే ఆరేళ్లు చిన్నవాడైన శ్యామశాస్త్రి కృతులు త్యాగరాజస్వామి కృతులతో పోలిస్తే కొద్ది. అయినా ఆయన్ను చిన్న త్యాగరాజు అని మనమెవరం అనం. భైరవి స్వరజతి చౌకకాలంలో నడుస్తుంటే మనం వెతికేది త్యాగరాజస్వామిని కాదు. ఇక బాణీ మాట. పాట లేకుండా రసం నిలబడుతుందా అన్న అనుమానం రాగాలాపన విని పెరిగిన చెవికి రాకూడదు. క్రౌస్ బలం వాక్యం తర్వాత వాక్యాన్ని పేర్చే బిగువులో ఉంది. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్న లెక్కలో ఉంది.

మోజార్ట్ మీద ఆయనకు అసూయ ఉండేదని ఎవరైనా ఊహించుకుంటే దానికి ఆధారం లేదు. 1789లో స్వీడన్ పార్లమెంటు ప్రారంభానికి చర్చిలో మోగాల్సిన సంగీతం తయారుచేస్తూ, మోజార్ట్ ‘ఇడొమెనియో’ ఒపేరాలోని కవాతు బాణీనే తీసుకుని మలిచాడు. తనకు పనికొచ్చేది ఏదో, తనది ఏదో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత మనకే రావాల్సి ఉంది.

ఇప్పుడు వినడానికి కొరత లేదు. స్వీడిష్ ఛాంబర్ ఆర్కెస్ట్రా పెటెర్ సుండ్‌క్విస్ట్ నిర్వహణలో నక్సోస్ సంస్థకు సింఫనీలు రికార్డు చేసింది. కొన్‌చెర్టో కోల్న్ బృందం పాతకాలపు వాద్యాలతో వాయించినవి వేరే ఉన్నాయి. సీ మైనర్ సింఫనీని ముందు విని, ఒకరోజు ఆగి, శోకసింఫనీకి రావడం మంచి వరస. రెండోదాన్ని పని చేసుకుంటూ వింటే మొదలు తప్పిపోతుంది. రాత్రి వీధి సద్దుమణిగాక, గదిలో ఫ్యాను ఆపి వినండి. ఆ మొదటి దరువు అంత మెల్లగా ఉంటుంది.